నీ హీరోయిన్‌కి ముందు అన్నం పెట్టు

విజయనగరం
ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి బుజ్జికి,

పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం, నా మోకాలు తప్ప.

నువ్వు నవల రాస్తున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఒక లావుపాటి అమ్మాయి, జిమ్‌లో కోచ్, ప్రేమ మాత్రం చివరిదాకా తేలదట, దాన్ని స్లో బర్న్ అంటారట. వింటుంటే మనసు పొంగిపోయింది. మన ఇంట్లో నా తర్వాత కలం పట్టేవాళ్ళే లేరనుకున్నాను ఇన్నాళ్ళూ. నాకు చెప్పకుండా ముందు ఫ్యామిలీ గ్రూపులో చెప్పినందుకు కోపం కూడా వచ్చిందనుకో, అది వేరే సంగతి. అయితే మీ అమ్మ అంతటితో ఆపలేదు. కథ బాగా కుదరాలని నువ్వే జిమ్‌లో చేరావట. హీరోయిన్‌తో పాటు నువ్వూ పన్నెండు కిలోలు తగ్గుతావట. రాత్రిళ్ళు భోజనం మానేసి రెండు ఉడికించిన గుడ్లు తిని పడుకుంటున్నావట. ఇంక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్ చేస్తే "ఓకే పెద్దమ్మా, ఓకే ఓకే" అని పెట్టేస్తావు. అందుకే కాగితాలు తీశాను. మీ తమ్ముడు ఫోటోలు తీసి పంపిస్తానన్నాడు.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. రోజూ ఒకే వేళకి కూర్చో. మొదటి ప్రతి ఎవరికీ చూపించకు. అధ్యాయం పూర్తయ్యాక పైకి చదువుకో, నాలిక తడబడిన చోట వాక్యం బాగోలేదని అర్థం. ఆఫీసు ఉద్యోగం మానకు. ఇవి చెప్పడానికి ఉత్తరం అక్కర్లేదు.

స్లో బర్న్ అనే మాట విని నవ్వొచ్చింది. మా అమ్మ దాలిలో పాలు పెట్టేది. నువ్వు చూసి ఉండవు. పెరట్లో మట్టి గుంట, అందులో పిడకలు, మీద ఊక, నిప్పు పైకి కనబడదు. పొద్దున్న పెట్టిన కుండ సాయంత్రానికి దించితే పాలు ఎర్రబడి, మీద వేలు మందాన మీగడ. మధ్యలో మూత తీశావో, దెబ్బ పడేది. మంట కనిపించకూడదు, వేడి మాత్రం తగ్గకూడదు. నీ నవలంతా ఆ పని. కాకపోతే వాళ్ళిద్దరూ అంతకాలం ఆగడానికి నిజమైన కారణం ఒకటుండాలి. అపార్థాలు, దొంగచాటుగా విన్న సగం మాటలు, మధ్యలో ఊడిపడే మరదలు, ఇవన్నీ మా కాలంలోనే వాడి వాడి అరగదీసేశాం.

నీ కథలో ఆ కారణం నువ్వు వెతక్కుండానే ఉంది. అతను కోచ్. ఆమె నెలనెలా అతనికి ఫీజు కడుతోంది. ఇంకెవరికీ చెప్పని తన బరువు, నెలసరి లెక్క, థైరాయిడ్ రిపోర్టు అతని చేతిలో పెట్టింది. అలాంటివాడు తొందరపడితే మంచివాడెలా అవుతాడు? అతని మనసు అతనికి తెలిసిన రోజున ఆమెను ఇంకో కోచ్‌కి అప్పజెప్పాలి. ఎందుకో చెప్పలేక మాట దాటెయ్యాలి. లావుగా ఉన్నాననే వదిలించుకున్నాడని ఆమె అనుకోవాలి. చూశావా, నీకు నాలుగు అధ్యాయాలు ఊరికే దొరికాయి.

ముట్టుకోవడం సంగతి కూడా అంతే. నా మోకాలికి ఫిజియోథెరపీ చేసిన అబ్బాయి గుర్తున్నాడా? వంగడం నేర్పేటప్పుడు నా మీద చెయ్యి వెయ్యలేదు. మన ఇల్లు తుడిచే మాప్ కర్ర అడిగి తీసుకుని నా వీపుకి నిలువుగా ఆనించాడు. తల వెనక, రెండు భుజాల మధ్య, నడుము కింద, మూడు చోట్లా కర్ర తగులుతుండాలి, అలాగే తుంటి దగ్గర వంగాలి అన్నాడు. ఏ చోట కర్ర వీపుని వదిలినా మనకే తెలిసిపోతుంది. డెబ్భై ఒకటో ఏట నా వెన్నెముక ఎక్కడుందో నాకు మొదటిసారి తెలిసింది. నేనైతే ఆ కర్ర మీదే ఒక అధ్యాయం రాస్తాను. కర్రకి ఒక చివర అతని చెయ్యి, ఇంకో చివర ఆమె చెయ్యి, మధ్యలో ఆమె వీపు. పదో అధ్యాయం దాకా వాళ్ళ మధ్య అంతకుమించి ఏమీ అక్కర్లేదు.

జిమ్ అంటే నాకు కుళ్ళు అనుకోకు. ఇది కోడి రామమూర్తి నాయుడు చదువుకున్న ఊరు. ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసుని ఊపిరి బిగబట్టి తెంచేవాడని, ఏనుగుని గుండెల మీద ఎక్కించుకునేవాడని వింటూ పెరిగాం. మా వీధి చివర తాలింఖానాలో మగపిల్లలు దండీలు, బస్కీలు తీస్తుంటే మేం గోడ మీంచి తొంగి చూసేవాళ్ళం. లోపలికి వెళ్తామంటే మా నాన్న కళ్ళెర్రజేశారు. ఆ గోడ దాటి నువ్వు లోపలికెళ్ళావంటే నాకు గర్వంగానే ఉంది. భయం వేరే.

ఇప్పుడా భయం సంగతి.

1984. నాకప్పుడు సరిగ్గా నీ వయసే, 29. మీ పెదనాన్నకి రాయగడలో ఉద్యోగం, అక్కడ ఇల్లు దొరక్క నేను పుట్టింట్లోనే ఉన్నాను. ఒక వారపత్రికలో నా సీరియల్ వస్తోంది. పత్రిక పేరు ఎందుకులే. అందులో హీరోయిన్ బొద్దుగా ఉండే పిల్ల. గలగలా నవ్వుతుంది, మేడ మెట్లెక్కితే ఆయాసపడుతుంది, పనసపొట్టు కూర చేసిన రోజు మూడోసారి అన్నం కలుపుకుంటుంది. ఎవరనుకున్నావు? మీ అమ్మే. పేరొక్కటే మార్చాను. అప్పటికి దానికి పందొమ్మిది. నా దస్తూరీ కోడి గెలికినట్టుంటుందని ఫెయిర్ కాపీ కూడా అదే రాసేది. రాసి, కవరంటించి, పొద్దుపోయాక కూడా ఉత్తరాలు తీసుకుంటారని రైల్వే స్టేషన్ దగ్గరి తపాలా ఆఫీసు, ఆర్ఎంఎస్‌లో వేసి వచ్చేది.

తొమ్మిదో వారంలో సంపాదకుడి దగ్గర్నుంచి కార్డు. అంత లావు పిల్లని హీరో ప్రేమిస్తే పాఠకులు నమ్మరు, ఏదో ఒకటి చెయ్యండి అని. నేను ఎదురు చెప్పొచ్చు. చెప్పలేదు. చెప్తే సీరియల్ ఆపేస్తారేమోనని భయం. ఆ పిల్లని అమ్మమ్మగారి ఊరు పంపించి టైఫాయిడ్ తెప్పించాను. మూడు వారాల తర్వాత సన్నజాజి తీగలా రైలు దింపాను. హీరో ప్లాట్‌ఫారం మీద ఆమెను గుర్తుపట్టడు, ఎవరీ అందగత్తె అనుకుంటాడు. అక్కడ సశేషం. సంచి నిండా ఉత్తరాలొచ్చాయి. నేను గాల్లో తేలాను. ఆ అధ్యాయం ముత్యాల్లాంటి అక్షరాలతో ఎవరు ఎత్తి రాశారో నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

తర్వాత కొన్నాళ్ళకి మీ అమ్మ కాలేజీలో ప్రాక్టికల్స్ చేస్తూ పడిపోయింది. డాక్టరు కింది కనురెప్ప లాగి చూసి, రక్తం లేదు, పిల్ల ఏం తింటోంది అనడిగాడు. మా అమ్మ నా మొహం చూసింది, నేను మా అమ్మ మొహం చూశాను. రాత్రి నాకు వేరుగా కంచం పెట్టు, చదువుకుంటూ తింటాను అని తీసుకెళ్ళిన అన్నం గేదె కుడితిలోకి పోతోందని మాకప్పుడు తెలిసింది.

ఆ రాత్రి ఏదో పేజీ కోసం దాని బల్ల సొరుగు తీశాను. రాతప్రతుల మధ్యలోంచి అట్టముక్కలు రాలాయి. స్టేషన్లో రంగురంగుల బల్బులు తిరిగే బరువు చూసే మిషను ఉండేది కదా, నాణెం వేస్తే చిన్న టిక్కెట్టు పడేది, ఒకవైపు బరువు, ఇంకోవైపు జోస్యం. అవి. పదకొండు టిక్కెట్లు. వారం వారం నా కథ పోస్టులో వేసి, అటునుంచటే వెళ్ళి మిషను ఎక్కేదన్నమాట. మొదటిది 64. చివరిది 53. దాని వెనక "మీ శ్రమకు తగిన ఫలితం త్వరలో" అని ఉంది.

పక్కన కూర్చుని ఎందుకే ఇలా చేశావని అడిగాను. కోపంగా కూడా అనలేదు. లెక్క తప్పినట్టు అంది: "నువ్వు మూడు వారాల్లో తగ్గించేశావు కదప్పా. నాకు పదకొండు వారాలైంది. ఇప్పటికీ అందరూ నన్ను గుర్తుపడుతూనే ఉన్నారు."

ఆ సీరియల్‌ని పుస్తకంగా వేస్తామని తర్వాత ఇద్దరు అడిగారు. ఒప్పుకోలేదు. డబ్బు అవసరం లేక కాదు. ఇదంతా నీకు రాయనా అని పొద్దున్న మీ అమ్మని అడిగాను. "రాసుకో. కానీ ఆ టైఫాయిడ్ అధ్యాయం నాకప్పుడు ఎంతో నచ్చిందని కూడా రాయి" అంది. రాశాను.

అందుకని చెప్తున్నాను, అతను ఆమెను ప్రేమించడానికీ, బరువు మిషను ముల్లు కిందికి దిగడానికీ ముడి పెట్టకు. తగ్గితే తగ్గనీ. మన అమ్మాయిలకి షుగరు, పీసీఓడీ, మోకాళ్ళు ఉన్నాయి, తగ్గమని డాక్టరు చెప్పొచ్చు. మనవాళ్ళకి బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క, 23 దాటితేనే అధిక బరువంటారు, 25 దాటితే స్థూలకాయం. అదంతా ఆమెకీ ఆమె ఒంటికీ సంబంధించిన లెక్క. అతను మనసులో ఎప్పుడో పడిపోయి ఉండాలి, ముల్లు అస్సలు కదలని రోజుల్లో.

ఆ రోజులు నిజంగానే ఉంటాయట. ఫిజియో అబ్బాయికి నీకోసం మళ్ళీ ఫోన్ చేశాను. మొదటి వారంలో రెండు కిలోలు పోయాయని ఎగురుతారు, అందులో చాలావరకు నీరే అన్నాడు. తర్వాత వారానికి అర కిలో, మహా అయితే కిలో. కిలో కొవ్వు అంటే దాదాపు 7,700 కేలరీలు, ఒక పూట అన్నం మానేస్తే కరిగేది కాదు. నెలసరి ముందు నీరు చేరి ముల్లు పైకి పోతుంది, ఏ తప్పూ చెయ్యకుండానే. ఆ తర్వాత వారాల తరబడి అక్కడే నిలబడిపోతుంది. బలం మాత్రం అంతకుముందే వస్తుందట, కండ పెరక్కముందే నరాలు పని నేర్చుకుంటాయట. నిన్న లేవని బరువు ఇవాళ లేస్తుంది, అద్దంలో ఏ తేడా ఉండదు. చూసేది కోచ్ ఒక్కడే. ఇంతకన్నా మంచి ప్రేమ సన్నివేశం నేను ఇరవై ఏళ్ళు రాసినా రాయలేదు.

ఆమె బరువు అంకెలో రాయకు. చదివే ప్రతి పిల్లా తన అంకె పక్కన పెట్టుకుంటుంది. అంకె కావాలంటే ఎత్తిన బరువు రాయి. మన శ్రీకాకుళం జిల్లా పిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో వెయిట్‌లిఫ్టింగ్‌లో 69 కిలోల ఒంటి బరువు విభాగంలో నిలబడింది. ఒక్క ఊపున ఎత్తే స్నాచ్‌లో 110, రెండు అంచెల్లో ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. ఆ 69 గురించి ఎవరైనా మాట్లాడారా? మీ అమ్మ ఆ రోజు పేపరు నాకు చూపించి ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కోచ్ చేత ప్రోటీన్ పొడి డబ్బాలు అమ్మించకు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో వాటి జోలికి పోవద్దనే ఉంది. పెసరట్టు, గుడ్లు, ఉలవచారు, చేప ఉన్నాయి కదా. అతనికీ ఒళ్ళుందని మరిచిపోకు. ఫోటో తీస్తుంటే కడుపు లోపలికి పీల్చుకునేవాడుగా ఉండాలి. లేకపోతే అతను కోచ్ కాదు, క్యాలెండర్ మీద బొమ్మ.

మాటలు మాత్రం మన ఇళ్ళలోంచే ఏరుకో. నాలుగు కిలోలు తగ్గి ఊరొస్తే అమ్మ "చిక్కిపోయావే" అంటుంది, పెళ్ళిలో కనబడ్డ అత్త "భలే తగ్గావే" అంటుంది. ఉన్నది ఒకటే ఒళ్ళు. టైలరు జాకెట్టు తిరగేసి, లోపల కుట్టు విప్పుకోవచ్చమ్మా, ఇంకా అంగుళం ఉంది అంటాడు. ఎండాకాలం నడిస్తే తొడలు ఒరుసుకుని మండుతాయి, కొబ్బరినూనె రాసుకుంటారు, ఎవరూ రాయరు. నువ్వు రాయి. సిగ్గెందుకు, చదివేదీ మనమే.

ఈ ఉత్తరం చదివిన వెంటనే చెయ్యాల్సింది ఒకటుంది. వెళ్ళి రక్తపరీక్ష చేయించుకుని హిమోగ్లోబిన్ ఎంతో నాకు మెసేజ్ పెట్టు. 12 ఉండాలి. అబద్ధం చెప్పకు, రిపోర్టు ఫోటో పంపు. ఇవాళ రాత్రి అన్నం తిను. జిమ్‌కి వెళ్ళు, వద్దనను, తినే వెళ్ళు. పరిశోధన అంటే కనబడింది రాసుకోవడం, ఒంటిని ఎండబెట్టుకోవడం కాదు. నిన్ను తిట్టాలని లేదు తల్లీ. ఆ సొరుగు ఇంకోసారి తీసే ఓపిక నాకు లేదు.

పైడితల్లి పండక్కి రా. దసరా వెళ్ళిన మంగళవారం సిరిమాను. మొదటి మూడు అధ్యాయాలు ప్రింటు తీయించుకుని రా, అక్షరాలు పెద్దవి పెట్టించు, ఫోన్లో నేను చదవలేను. పనసపొట్టు దొరికితే కూర నేనే చేస్తాను, మీ అమ్మ చేస్తే ఆవ ఎక్కువేస్తుంది.

ఇట్లు,
పెద్దమ్మ

తా.క. ఆ కర్ర అధ్యాయం నువ్వు రాయకపోతే ముందే చెప్పు. నేను రాసుకుంటాను.