డిక్కీకి దొంగ అడుగు

చి.సౌ. శ్రావణికి మామయ్య ఆశీస్సులు.

పండుగకు వచ్చినప్పుడు నువ్వు అడిగిన సంగతికి ఆ రోజు సరిగా జవాబు చెప్పలేదు. ఒక చేతిలో పులిహోర గిన్నె, ఇంకో చేతిలో ఫోను పట్టుకుని, "డిక్కీలో పైన ఇంకో అడుగు వేయించాలి మామయ్యా, నాలుగు చెక్కలు కొట్టేస్తే సరిపోతుంది కదా" అన్నావు. సరిపోదు. నలభై ఏళ్ళు విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టినవాణ్ణి, నాలుగు చెక్కలు కొట్టేస్తే సరిపోయిన పని నాకింతవరకు తగల్లేదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నువ్వు కూడా తీరిగ్గా చదువు.

మీరు బయలుదేరే ముందు మీ ఆయన కారు తుడుస్తుంటే నేను డిక్కీలో టేపు పెట్టి చూశాను. గడప మీది నుంచి అడుగుకు 19 సెంటీమీటర్లు ఉంది. చాలా చిన్న కార్లది ఇదే వరస: గడప ఎత్తు, లోపల గుంట. సామాను జారి పడకుండా ఉంటుంది గానీ, రోజుకు పదిసార్లు మూటలు ఎత్తి దించేవాళ్ళకు నడుము పట్టేస్తుంది. వెనక సీటు మడిస్తే సీటు వెన్ను ఒక ఎత్తులో, డిక్కీ అడుగు ఒక ఎత్తులో మెట్టులా ఉంటాయి. మంగళగిరి నుంచి చీరలు వేసుకుని గుంటూరు, తెనాలి తిరిగే నీకు ఈ గుంట మీద గడపకు సమంగా పలక వేసుకోవాలని అనిపించడం సహజమే. వెనకటి భోషాణాల్లో దొంగ అర ఉండేది, ఇదీ అలాంటిదే. పైన చీరలు, కింద బిల్లు పుస్తకాలు, గొడుగు, సంచులు.

అయితే ముందు ఆలోచించాల్సింది చెక్క గురించి కాదు, ఆ చెక్క కింద ఉన్న స్టెప్నీ, అంటే అదనపు టైరు గురించి.

ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. చాలా ఏళ్ళ కిందట బట్టల వ్యాపారం చేసే ఒక స్నేహితుడికి ఇలాంటి పలకే చేశాను. లోపలి కొలతలు తీసుకుని, మంచి ప్లైవుడ్డు కోసి, అంచులకు టేకు బీడింగ్ కొట్టి, అద్దంలా చేసి పట్టుకెళ్ళాను. డిక్కీలోకి పోలేదు! లోపలి వెడల్పు కంటే తలుపు దగ్గర వెడల్పు తక్కువ. ఏటవాలుగా పెట్టాం, నిలువుగా తిప్పాం, కుర్రవాళ్ళు చుట్టూ చేరి నవ్వు ఆపుకుంటున్నారు. చివరికి దాన్ని మధ్యకు కోసి రెండు ముక్కలుగా దింపి, ఆ ఉక్రోషంలో కదలకుండా కింద రీపర్లకు, అంటే సన్నటి చెక్క బద్దలకు, మేకులు కొట్టేశాను. రెండు నెలల తరువాత చిలకలూరిపేట దాటాక రాత్రి పదకొండు గంటలకు, సన్నటి వానలో అతని టైరు పంక్చరైంది. మూటలన్నీ రోడ్డు పక్కన తడిలో పెట్టి, జాకీ రాడ్డుతో నా పలకను పగలగొట్టి స్టెప్నీ తీసుకున్నాడు. మర్నాడు వచ్చి ఒక్క మాట అనలేదు. విరిగిన ముక్కలు షాపు ముందు దించి టీ తాగి వెళ్ళాడు. తిట్టినా బాగుండేది.

అందుకే నీ పలక రెండు ముక్కలుగా ఉండాలి, మేకు అన్నది ఉండకూడదు. అడ్డంగా రెండు సగాలు చేసి మధ్యలో బందులు వేయించు. తలుపు వైపు సగం ఎత్తితే సీటు వైపు సగం మీదకు మడతపడాలి. చిన్నాచితకా వస్తువులకు అది చాలు. స్టెప్నీ కావాలంటే రెండు సగాలూ కలిపి పుస్తకంలా మూసి ఒక్క చేత్తో బయటికి తీయగలగాలి. ఒక్క చేత్తో అన్నది పట్టుబట్టి చెబుతున్నాను, ఎందుకంటే రెండో చేతిలో టార్చి ఉంటుంది.

దీన్ని బట్టే చెక్క మందం తేలుతుంది. ప్లైవుడ్డు దుకాణంలో "18 తీసుకోండి, ఏనుగెక్కినా వంగదు" అంటారు. నీ డిక్కీలో ఏనుగు ఎక్కదు. మీటరు పొడవు, 70 సెంటీమీటర్ల వెడల్పున్న పలక 18 మిల్లీమీటర్ల మందంలో దాదాపు 8 కిలోలు తూగుతుంది. అదే 12లో ఐదున్నర కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. చీర ఒక్కింటికి అరకిలో వేసుకున్నా అరవై చీరలు 30 కిలోలు. కింద మధ్యలో ఒక రీపరు ఆనిస్తే 12 మిల్లీమీటర్లది ఆ బరువును హాయిగా మోస్తుంది. 9 అయితే వేసవి వేడికి, బరువుకు నెమ్మదిగా గిన్నెలా దిగుతుంది. షీటు మీద ఐఎస్ 303 ముద్ర, బీడబ్ల్యూఆర్ అన్న అక్షరాలు చూసి తీసుకో. అంటే తడికి తట్టుకునే రకం. 8 బై 4 అడుగుల షీటు మొత్తం కొననక్కర్లేదు, అందులో సగం చాలు. చౌక అని ఎండీఎఫ్, అంటే చెక్క పీచు అదిమి చేసిన పలక, మాత్రం తేవద్దు. దాని అంచుకు ఒకసారి నీళ్ళు తగిలాయంటే అటుకుల్లా ఉబ్బుతుంది, మళ్ళీ తగ్గదు.

ఇప్పుడు కొలత. డిక్కీలో ఒక్క గీత కూడా తిన్నగా ఉండదు. టైరు గూళ్ళు లోపలికి పొడుచుకొస్తాయి, వెనక మూలలు గుండ్రంగా తిరుగుతాయి. టేపుతో కొలిచి కాగితం మీద రాసుకుంటే వడ్రంగి తన ఊహతో కోస్తాడు, నువ్వు డబ్బులిస్తావు. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె ఇంట్లో ఉంటుంది కదా, దాన్ని విప్పు. ముందు కారులో పట్టేంత సుమారుగా కోసి, ఎక్కడెక్కడ ఖాళీ ఉందో అక్కడ చిన్న అట్టముక్కలు టేపుతో అతికిస్తూ పో. అంతా అతుకుల బొంతలా కనిపిస్తుంది, కానీ అదే అసలైన కొలత. మేము దీన్ని ఫర్మా అంటాం. ఎడమ గూడుకు చేసినదాన్ని తిరగేసి కుడి వైపుకు వాడవద్దు, కంపెనీవాళ్ళు రెండు వైపులా ఒకేలా చేస్తారన్న నమ్మకం లేదు. అట్ట మీద "పైవైపు" అని, "సీటు వైపు" అని పెద్ద అక్షరాలతో రాయి. నవ్వకు, తిరగేసి కోసిన పలకలు ఆటోనగర్‌లో ఎన్నో చూశాను.

ఆ ఫర్మాను ప్లైవుడ్డు మీద గీశాక చుట్టూరా 5 మిల్లీమీటర్లు లోపలికి కోయించు. కార్పెట్ చుడితే ప్రతి అంచుకూ మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం పెరుగుతుంది. ఇది మరిచిపోయి బిగుతుగా కోయించినవాళ్ళు కార్పెట్ చుట్టాక పలకను కాలితో తన్ని దింపుతారు, పక్కనున్న ప్లాస్టిక్ పగులుతుంది.

ఎత్తు లెక్క కూడా రాస్తున్నాను. 19లో ప్లైవుడ్డు 1.2, పైన కార్పెట్ 0.4, కాళ్ళ కింద అతికించే ఫోము 0.3 తీసేస్తే 17.1 మిగులుతుంది. కాళ్ళు 17 కోయించు. పలక గడప కంటే వెంట్రుకవాసి కిందికి ఉంటే మంచిదే, పైకి మాత్రం రాకూడదు. కాళ్ళంటే నాలుగు కోళ్ళు కాదు, కింద ఎడమకొకటి కుడికొకటి నిలువు పలకలు, వాటిని కలుపుతూ మధ్యలో ఒక అడ్డ రీపరు. పీట చేసినట్టే. ఈ పీటను దేని మీద నిలబెడుతున్నావో చూసుకో. కంపెనీ ఇచ్చిన అట్టలాంటి అడుగు మధ్యలో కాళ్ళు పెడితే అది స్టెప్నీ గుంటలోకి కుంగుతుంది. ఆ అడుగు తీసి చూడు, గుంట చుట్టూ రేకు గట్టు కనిపిస్తుంది. అడుగు మళ్ళీ పరిచాక కాళ్ళు సరిగ్గా ఆ గట్టు పైకి రావాలి. టైరు గూళ్ళ ప్లాస్టిక్ మీద బరువు ఆనించవద్దు.

కారు రేకుకు బరమా, అదే డ్రిల్లు, పెట్టనివ్వకు. ఎవరైనా "రెండు స్క్రూలు వేస్తే ఇక కదలదండీ" అంటే అక్కడి నుంచి కారు తీసుకుని వచ్చేయి. రేకు కింద ఏ తీగ పోతోందో, ఇంధనం గొట్టం ఎక్కడుందో వాడికి తెలియదు. తీగలు తప్పినా, చిల్లు పడిన చోట తుప్పు తప్పదు. కాళ్ళ అడుగున వెల్క్రో గరుకు వైపు అతికిస్తే డిక్కీ కార్పెట్‌ను జిడ్డులా పట్టుకుంటుంది. పలకకు ముందు వైపు వెనక సీటు వెన్ను, వెనక వైపు గడప ఎలాగూ గోడల్లా ఉంటాయి. సీటు మడిస్తే ముందు గోడ ఉండదు, గట్టిగా బ్రేకు వేస్తే ఐదున్నర కిలోల చెక్క నీ వీపు మీదకు వస్తుంది. అప్పుడు సామాను కట్టే కొక్కేలకు నవారు పట్టీ బిగించాల్సిందే. నీ కారులో కొక్కేలు లేకపోతే సీటు మడవకు. విప్పి తీయగలిగే పలక కనుక రవాణా శాఖతో పేచీ ఉండదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను పట్టించుకునేది రిజిస్ట్రేషన్‌లో రాసిన వివరాలు మారేలా బండినే మారిస్తే.

మీ ఆయన సీఎన్‌జీ కిట్ వేయిద్దామని చూస్తున్నాడట. ఆ మాట నిజమైతే ఈ పని ఆపి ముందు నాకు ఫోను చెయ్యి. సిలిండర్ మీద మూసేసిన పలక వేయకూడదు. ఆ గ్యాసు గాలికంటే తేలిక, కారిందంటే పైకి లేచి నీ పలక కిందే పోగవుతుంది. పైగా వాల్వు చేతికి అందాలి, మూడేళ్ళకోసారి సిలిండర్‌ను విప్పి పరీక్షకు పంపాలి.

పైపనుల్లో నీ సరుకును బట్టి కొన్ని జాగ్రత్తలున్నాయి. కోసిన అంచులను ఉప్పు కాగితంతో గాజుముక్క రుద్దినంత నున్నగా రుద్దించు, ఎందుకంటే ఒక్క పేడు చాలు మంగళగిరి చీరకుండే నిజాం అంచు పోగు లాగడానికి. తరువాత రెండు వైపులా, అంచులకూ వార్నిష్ రెండు పూతలు. ఒక వైపే పూస్తే పలక వంకర తిరుగుతుంది. కొత్త ప్లైవుడ్డుకు జిగురు వాసన ఉంటుంది, పట్టు దాన్ని ఇట్టే పీల్చుకుంటుంది. కార్పెట్ వేయకముందు పలకను వారం పది రోజులు నీడలో గాలికి నిలబెట్టు. కార్పెట్‌ను రబ్బరు జిగురుతో పైవైపు మాత్రమే అతికించి, అంచులు కిందికి మడిచి పిన్నులు కొట్టించు. వేసవిలో మూసి ఉన్న కారులో జిగురు మెత్తబడుతుంది, పిన్నులుంటే ఊడిరాదు. దాని పైన రబ్బరు చాప పరవవద్దు. రబ్బరులో గంధకం ఉంటుంది, వెండి జరీని అది నల్లబరుస్తుంది. శుభ్రంగా ఉతికిన ముతక నూలు దుప్పటి పరుచు. పలక ఎత్తడానికి లోహపు పిడి పెట్టవద్దు, చీర తట్టుకుంటుంది. నవారు ముక్క మడిచి కింద నుంచి రెండు స్క్రూలు వేస్తే చాలు, వాడనప్పుడు పడుకుని ఉంటుంది. బందుల స్క్రూ మొనలు పైకి పొడుచుకు వచ్చాయేమో అరచేతితో తడిమి చూడు. పలకలో ఒక మూల రూపాయి బిళ్ళంత చిల్లులు రెండు వేయించు, కింద చెమ్మ ఉండిపోకుండా.

వానాకాలంలో నెలకోసారి అంతా తీసి స్టెప్నీ గుంట తడిమి చూసుకో. వెనక లైటు రబ్బరు పాతబడితే నీళ్ళు చేరేది అక్కడికే, మామూలుగా అయితే కంటబడతాయి, దొంగ అడుగు వేశాక కనబడవు.

తాళం గీళం పెట్టకు. చెక్‌పోస్టులో కింద అర ఉన్న బండి అంటేనే అనుమానంగా చూస్తారు, అడగకముందే ఎత్తి చూపించు. ఎన్నికల కోడ్ ఉన్న రోజుల్లో మూటలకొద్దీ చీరలు కనిపిస్తే పంచడానికే అనుకుంటారు. ఆ రోజుల్లో బిల్లు పుస్తకం కింద అరలో కాదు, నీ పక్క సీటులో ఉండాలి.

అట్ట పని నువ్వు చేసుకురా, కోత నేను చూసుకుంటాను. జిగ్‌సా అనే కోత మిషను నా దగ్గరే ఉంది, కొత్త బ్లేడు తెప్పించాను. పలక బిగించిన రోజు చీకటి పడ్డాక మన సందులోనే, మూటలన్నీ సర్ది ఉండగా, నువ్వొక్కదానివే స్టెప్నీ తీసి మళ్ళీ పెట్టాలి. నేను అరుగు మీద కూర్చుని గడియారం చూస్తాను, సాయం రాను. పావుగంట దాటితే పలక మళ్ళీ కోద్దాం. ఆదివారం రావడమైతే మీ అత్తయ్య పెసరట్టు వేస్తానంటోంది, ముందుగా చెప్పు, పప్పు నానబెట్టాలట.

మీ మామయ్య