ఆదాయం ‘ప్రకటించాలా’?

సందేహం: బొబ్బిలి దగ్గర బడిలో ఇంగ్లీషు చెబుతాను. ‘డిక్లేర్’ అంటే ‘ప్రకటించు’ అని పిల్లలకు రాయించాను. మర్నాడు ఎనిమిదో తరగతి అమ్మాయి ఒక దరఖాస్తు కాగితం తెచ్చింది. అందులో ‘కుటుంబ ఆదాయం ప్రకటించవలెను’ అని ఉంది. “మా నాన్న సంపాదన ఊళ్లో మైకు పెట్టి చెప్పాలా మేడమ్?” అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. డిక్లేర్‌కూ అనౌన్స్‌కూ తేడా తెలుగులో ఎలా చూపాలి?
– ఒక ఉపాధ్యాయురాలు, విజయనగరం జిల్లా

సమాధానం: ఆ అమ్మాయి సరిగ్గా అడిగిందమ్మా. తప్పు ఆ కాగితం రాసినవాళ్లది.

సంస్కృతంలో ‘ప్రకటం’ అంటే స్పష్టమైనది, బయటికి కనిపించేది అని అర్థం. డిక్లేర్‌కు మూలమైన లాటిన్ మాటకూ ‘స్పష్టం’ అనే అర్థం. అనౌన్స్ మాత్రం ‘వార్తాహరుడు’ అనే మాట నుంచి పుట్టింది. పుట్టుక చూస్తే ప్రకటించు, డిక్లేర్ దగ్గరి చుట్టాలే. కానీ మన వాడుకలో ‘ప్రకటించు’ నలుగురి ముందుకూ వచ్చేసింది. ఇప్పుడు ఆ మాట వింటే పేపరో, మైకో గుర్తొస్తుంది. అందుకే ఆ పిల్లకు టెన్షన్ పట్టుకుంది.

అనౌన్స్‌కు అచ్చంగా సరిపోయే మాట మన ఊళ్లలోనే ఉంది: చాటింపు. గ్రామదేవత పండగకు ముందు డప్పు కొట్టుకుంటూ వచ్చి, నాలుగు వీధులు కలిసేచోట ఆగి, తేదీ చెప్పి వెళ్లేవారు. మా ఇంట్లో పెద్దవాళ్లు “సాటింపు ఏసినారు” అనేవారు. చెట్టు చాటున, తలుపు చాటున అన్నప్పుడు ‘చాటు’ అంటే మరుగు. క్రియగా వాడితే ఊరంతటికీ వినిపించడం. ఒకే రూపం, రెండు ఎదురెదురు అర్థాలు. పిల్లలకు చెప్పి చూడండి, మరిచిపోరు.

ఇక అసలు తేడా. ఉన్న సంగతిని తెలియజేస్తే అనౌన్స్. అధికారం ఉన్నవారు అనడంతోనే ఒకటి ఇంకొకటిగా మారితే డిక్లేర్. ఆ మార్పును తెలుగులో చూపేది ‘గా’ అనే చిన్న అక్షరం. ‘విజేతను ప్రకటించారు’ అంటే పేరు చెప్పారు. ‘ఫలానా ఆమెను విజేతగా ప్రకటించారు’ అంటే ఆ మాటతో ఆమె విజేత అయింది. ‘కరవు మండలంగా ప్రకటించారు’ కూడా అలాంటిదే.

ఈ ‘గా’ లేకపోతే ఎంత తికమకో చూడండి. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తరువాత వచ్చే మంగళవారం. ‘మంగళవారం సెలవు ప్రకటించారు’ అని రాస్తే, సెలవు మంగళవారమా, ఆ కబురు చెప్పింది మంగళవారమా? ‘మంగళవారాన్ని సెలవు దినంగా ప్రకటించారు’ అంటే అనుమానమే ఉండదు.

మూడో పని, మీ దరఖాస్తులోది. తన దగ్గర ఉన్నది దాచకుండా, అడిగిన అధికారికి మాత్రమే, తన బాధ్యత మీద చెప్పడం. ఇంగ్లీషు దీనికీ డిక్లేర్ అనే వాడుతుంది. తెలుగులో మాత్రం ఇక్కడ ‘ప్రకటించు’ అతకదు. ‘తెలపండి’ చాలు. సంతకం దగ్గర ‘పై వివరాలు నిజమని ధ్రువీకరిస్తున్నాను’ అనాలి. గల్ఫ్ నుంచి దిగే శ్రీకాకుళం కుర్రాణ్ణి కస్టమ్స్‌వారు “డిక్లేర్ చేసేదేమైనా ఉందా?” అంటే, దానర్థం “సుంకం కట్టాల్సిన సరుకేమైనా తెచ్చావా?” అని. అక్కడ ‘ప్రకటించేది’ అంటే అతనికేం బోధపడుతుంది?

కోర్టు తీర్పును ‘వెలువరించింది’ అంటాం. ఆసుపత్రిలో మరణాన్ని డాక్టర్లు ‘ధ్రువీకరించారు’ అనడమే మర్యాద. క్రికెట్‌లో ఇన్నింగ్స్ ‘డిక్లేర్ చేశారు’ అన్నది అందరికీ అర్థమవుతోంది, దాన్ని అలాగే ఉండనివ్వండి.

ఆ కాగితం మీద ‘ప్రకటించవలెను’ కొట్టేసి ‘మీ కుటుంబ ఆదాయం ఎంతో రాయండి’ అని ఆ అమ్మాయి చేతే రాయించండి.