రిజిస్ట్రీ మొదలుపెడుతున్న సుధకు

చిరంజీవి సుధకు పెద్దమ్మ ఆశీస్సులు.

గర్భిణుల్లో మద్యం, మత్తు అలవాటున్నవాళ్ల కోసం మీ క్లినిక్‌లో రిజిస్ట్రీ, అంటే ఒక్కొక్కరి వివరాలూ వరుసగా రాసి పెట్టుకునే పట్టిక, పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. గర్వంగానూ ఉంది, గుబులుగానూ ఉంది.

పట్టికలో ఏమేం ఉండాలో నీకు తెలుసు: ఏం వాడుతోంది, ఎన్నో వారం, ఏ చికిత్స, ఎంత మోతాదు, హెపటైటిస్ సి, హెచ్ఐవి పరీక్షలు, మళ్లీ ఎప్పుడు రావాలి. సిగరెట్టును మర్చిపోకు. మొహం చూసి కొందరినే అడగొద్దు. ప్రతి గర్భిణినీ, వచ్చిన ప్రతిసారీ అడగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే చెప్పింది.

మోతాదు గడి చదవడం మాత్రం అందరికీ నేర్పు. హెరాయిన్ లాంటి మత్తు మాన్పించడానికి మనమిచ్చే మందు మెథడోన్, నెలలు నిండేకొద్దీ ఒంట్లో త్వరగా ఖర్చయిపోతుంది, మోతాదు పెంచాల్సి వస్తుంది. అది తెలియనివాళ్లు ఆ అంకె చూసి అలవాటు ముదిరిందని ఆమెను కసురుతారు. ఆమె బెదిరి ఒక్కసారిగా మానేస్తే మళ్లీ పాత మత్తులోకే జారే ప్రమాదం ఎక్కువ.

ఇక అసలు సంగతి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకచోట ఇలాంటి పట్టికే ఉండేది. ప్రసవం కాగానే ఆ పేరు మీద గీత కొట్టి 'పూర్తి' అని రాసేవారు. మెథడోన్ తీసుకున్న తల్లి బిడ్డను విత్‌డ్రాయల్ లక్షణాల కోసం, అంటే కడుపులో ఉండగా అందిన మందు ఆగిపోయాక వచ్చే ఇబ్బందుల కోసం, నాలుగు నుంచి ఏడు రోజులు చూస్తాం కదా, ఆ రోజులు గడిస్తే ఇంటికి పంపేవారు. బిడ్డ కాగితాలు పిల్లల డాక్టరుకు వెళ్లేవి. తల్లిని కాన్పు డాక్టరు చూస్తున్నారని మత్తు చికిత్సవాళ్లు, వాళ్లు చూస్తున్నారని కాన్పువాళ్లు అనుకునేవారు. ఒకమ్మాయి నెలలు నిండేదాకా ఒక్క విజిట్ తప్పలేదు. పట్టికలో అంత నిండైన వరుస ఇంకోటి లేదు. బిడ్డను ఏడాది టీకాకు అమ్మమ్మ ఎత్తుకొచ్చింది. తల్లి ఏదని అడిగాక గానీ ఆమెకేమైందో మాకెవరికీ తెలియలేదు.

ఆమె ఒక్కతే కాదని తర్వాత అర్థమైంది. మసాచుసెట్స్‌లో జరిగిన పరిశీలన 2018లో అచ్చయింది. ఓపియాయిడ్ ఓవర్‌డోసులు (హెరాయిన్ లాంటి మత్తుమందులు మోతాదు మించి ప్రాణం మీదికి రావడం) గర్భం చివరి మూడు నెలల్లో అన్నిటికన్నా తక్కువ, ప్రసవమైన ఏడు నుంచి పన్నెండు నెలల మధ్య అన్నిటికన్నా ఎక్కువ అని తేలింది. నిద్ర ఉండదు, దిగులు కమ్ముకుంటుంది, చికిత్స మధ్యలో తెగుతుంది. కొన్నాళ్లు ఆగాక పాత మోతాదే తీసుకుంటే ఒళ్లు తట్టుకోదు. అందుకని బిడ్డకు ఏడాది నిండేదాకా ఏ వరుసా మూయకు. ఇంట్లో నలోక్సోన్ (ఓవర్‌డోసును విరిచే మందు) ఉందా, వాడటం ఎవరికి వచ్చు అనే గడి కూడా పెట్టు.

నువ్వు చిన్నప్పటి నుంచీ నోటుపుస్తకం శుభ్రంగా ఉంటే పని అయిపోయినట్టే అనుకునేదానివి. గళ్లు నిండితే చాలదే! వచ్చినవాళ్లు ఎదురుగానే కూర్చుంటారు, వాళ్ల కోసం రిజిస్ట్రీ అక్కర్లేదు. పొద్దున్నే రానివాళ్ల పేర్లు తీసి ముందు వాళ్లకు ఫోన్ చెయ్యి. "ఎందుకు రాలేదు" అనొద్దు. "ఎలా ఉన్నావమ్మా" అను. నీ గొంతు మెత్తన, నీకది చేతనవుతుంది.

నన్ను రాత్రుళ్లు నిద్రపోనివ్వని భయం ఇంకోటుంది. ఆ పట్టిక ఎవరి కంట పడుతుంది? అమెరికాలో సౌత్ కరోలినాలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రి, గర్భిణుల మూత్రాన్ని వాళ్ల అనుమతి లేకుండా కొకైన్ కోసం పరీక్షించి ఫలితాలు పోలీసులకిచ్చేది. అలా చేయడం రాజ్యాంగానికి విరుద్ధమని 2001లో సుప్రీంకోర్టు తేల్చింది. పిల్లను లాక్కుంటారనో జైల్లో పెడతారనో భయపడితే ఆమె నీ గడప తొక్కదు. ఎవరు చూడొచ్చో, ఎవరు చూడకూడదో రాతపూర్వకంగా రాయించు. పేరు ఎక్కించే ముందే ఆమెకు విడమరిచి చెప్పి ఒప్పుకోలు తీసుకో.

నువ్వు సెలవు పెట్టిన రోజు ఆ ఫోన్లు ఎవరు చేస్తారో ఇప్పుడే తేల్చి, వాళ్ల పేరు కూడా పట్టిక మీదే రాయి. ఎవరిని పెట్టావో నాకు ఉత్తరం రాయి.

మీ పెద్దమ్మ