అంతర్యుద్ధంలో ‘పౌరులు’ అంటే ఎవరు?

సందేహం: సిరియా, సూడాన్ వార్తల్లో ‘అంతర్యుద్ధంలో పౌరులకు, వైద్యులకు అంతర్జాతీయ చట్టాల రక్షణ ఉంది’ అని రాస్తుంటారు. అంతర్యుద్ధమంటేనే ఒకే దేశపు పౌరులు రెండు పక్షాలై కొట్టుకోవడం కదా, మరి తుపాకీ పట్టినవాడు పౌరుడు కాకుండా ఎలా పోయాడు? ‘సైనికేతరులు’ అంటే సరిపోతుందా? రెండు వైపుల వాళ్లకూ వైద్యం చేసే డాక్టర్‌ని తటస్థుడనాలా, నిష్పక్షపాతి అనాలా?

సమాధానం: మీ అనుమానం సరైనదేనండీ. పురంలో ఉండేవాడు పౌరుడు, అసలు అర్థం అంతే. ‘పౌరజానపదులు’ అంటే పట్నం వాళ్లూ పల్లె వాళ్లూ అని. తర్వాత మనం సిటిజన్‌కీ అదే మాట, సివిలియన్‌కీ అదే మాట, ఆఖరికి సివిల్ సప్లైస్‌కి పౌరసరఫరాలు అని అక్కడా అదే మాట పెట్టేసుకున్నాం. రెండు దేశాలు కొట్టుకుంటున్నప్పుడు ఈ ఇబ్బంది పెద్దగా కనిపించదు. సొంత దేశంలోనే కొట్లాట మొదలైందంటే మాత్రం మాట దొరికిపోతుంది.

‘సైనికేతరులు’ ఇంకా చిక్కు. ప్రభుత్వ సైన్యం మీద పోరాడే తిరుగుబాటుదారుడు సైన్యంలో లేడు కాబట్టి ఆ లెక్కన వాడూ సైనికేతరుడే! ‘నిరాయుధులు’ అందామా అంటే, ఇంటి కాపలాకి తుపాకీ పెట్టుకున్న రైతు ఒక్కసారిగా యోధుడైపోడు. తననీ రోగులనీ కాపాడుకోవడానికి చిన్న ఆయుధం దగ్గరుంచుకున్నంత మాత్రాన వైద్య సిబ్బందికి రక్షణ పోదు కూడా.

చట్టం ఈ గొడవని ఎలా దాటిందో చూస్తే మనకి దారి దొరుకుతుంది. యుద్ధ నియమాలు చెప్పే 1949 నాటి నాలుగు జెనీవా ఒప్పందాల్లోనూ మూడో అధికరణం ఒకేలా ఉంటుంది, వాటిలో అంతర్యుద్ధాలకి వర్తించేది అదే. అందులో ‘అంతర్యుద్ధం’ అనే మాటే లేదు, ‘అంతర్జాతీయం కాని సాయుధ ఘర్షణ’ అని ఉంటుంది. ఎవరు ఏ దేశస్థుడు అని అడగదు, పోరులో పాల్గొంటున్నాడా లేదా అనే అడుగుతుంది. ఆయుధం కింద పెట్టిన సైనికుడు, గాయపడి పడిపోయిన తిరుగుబాటుదారుడు, పట్టుబడినవాడు... వీళ్లంతా దాని రక్షణ కిందికి వస్తారు, వీళ్లలో ఎవరూ సివిలియన్లు కాకపోయినా సరే. అందుకే సివిలియన్ల గురించే చెబుతుంటే ‘సాధారణ ప్రజలు’ అనండి, గాయపడినవాళ్లనీ లొంగిపోయినవాళ్లనీ కలిపి చెప్పాలంటే ‘పోరులో లేనివారు’ అనండి. ‘యోధేతరులు’ అని కూడా కొందరు రాస్తారు, అర్థం సరిపోతుంది కానీ పేపర్ చదివేవాడు ఆ మాట దగ్గర ఒక క్షణం ఆగిపోతాడు.

ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతోంది. ‘పోరులో పాల్గొంటే పౌరులకి రక్షణ పోతుంది’ అని రాస్తున్నారు. ఆ జెనీవా ఒప్పందాలకి అనుబంధంగా అంతర్యుద్ధాల కోసం వచ్చిన 1977 నాటి రెండో అదనపు ప్రోటోకాల్ 13వ అధికరణంలో ఉన్నది, నేరుగా పాల్గొంటున్నంత సేపు మాత్రమే రక్షణ ఉండదు అని. ‘పాల్గొంటే’కీ ‘పాల్గొంటున్నంత సేపు’కీ మధ్య ఒక మనిషి ప్రాణం ఉంది. మొదటిది రాస్తే ఎప్పుడో ఒకసారి తుపాకీ పట్టినవాణ్ని ఏళ్ల తర్వాత ఇంట్లో నిద్రపోతుండగా చంపినా తప్పులేదన్నట్టు అవుతుంది. ‘నేరుగా’ కూడా వదలకూడదు, ఎందుకంటే తిరుగుబాటుదారులకి అన్నం పెట్టిన ఇల్లాలు పోరులో నేరుగా పాల్గొన్నట్టు కాదు.

ఇక డాక్టర్ సంగతి. తటస్థుడంటే ఏ పక్షంలోనూ లేనివాడు, నిష్పక్షపాతి అంటే ఎదురుగా ఉన్న గాయం ఎంత తీవ్రమో తప్ప అది ఎవరిదో చూడనివాడు. రెడ్‌క్రాస్ 1965లో వియన్నాలో ప్రకటించిన మూల సూత్రాల్లో ఈ రెండూ వేర్వేరుగానే ఉన్నాయి. సైన్యంలోని డాక్టర్ యూనిఫారం వేసుకుని ఉంటాడు, తటస్థుడెలా అవుతాడు? అయినా అవతలి పక్షం క్షతగాత్రుణ్ని కూడా చూడాల్సిందే, ఆ డాక్టర్ మీదా ఎవరూ కాల్పులు జరపకూడదు. కాబట్టి డాక్టర్‌కి నిష్పక్షపాతి, రెడ్‌క్రాస్ లాంటి సంస్థకి తటస్థత. పత్రికలవాళ్లు తటస్థుడు కాదు కాబట్టి రక్షణ లేదనే ధ్వని వచ్చేలా రాయడం నాకు అసలు నచ్చదు.

సిరియాలో 2012 జూలైలో వచ్చిన ఉగ్రవాద వ్యతిరేక చట్టాలు, ప్రతిపక్షం వైపు గాయపడినవాళ్లకి చికిత్స చేయడాన్నే దాదాపు నేరంగా మార్చేశాయని ఐక్యరాజ్యసమితి విచారణ కమిషన్ చెప్పింది. వైద్య ధర్మానికి లోబడి ఎవరికి చికిత్స చేసినా శిక్షించకూడదని రెండో ప్రోటోకాల్ 10వ అధికరణం చెబుతుంది, కానీ సిరియా అందులో చేరలేదు (మన దేశమూ చేరలేదు లెండి). చేరకపోయినా 1949 నాటి మూడో అధికరణం, ఆచారంగా స్థిరపడ్డ నియమాలూ ఉండనే ఉన్నాయి. 2016 ఏప్రిల్ 27న అలెప్పోలో అల్ ఖుద్స్ ఆస్పత్రి మీద బాంబులు పడ్డాయి, చనిపోయినవాళ్లలో ఆ నగరంలో మిగిలిన కొద్దిమంది పిల్లల డాక్టర్లలో ఒకరు ఉన్నారు. వారం తిరక్కుండానే, మే 3న, యుద్ధాల్లో ఆస్పత్రుల మీదా వైద్య సిబ్బంది మీదా దాడుల్ని ఖండించే 2286వ తీర్మానాన్ని భద్రతా మండలి ఏకగ్రీవంగా ఆమోదించింది. ‘ఉగ్రవాదులకి చికిత్స చేస్తున్న ఆస్పత్రిపై దాడి’ అని హెడ్డింగ్ పెట్టేముందు ఒక్కసారి ఆలోచించాలి. చికిత్స చేయడం శత్రుచర్య కాదు, దానివల్ల ఆస్పత్రి రక్షణ పోదు. అక్కణ్నుంచి కాల్పులు జరిపితే అది వేరు, అప్పుడు కూడా ముందు హెచ్చరించి గడువివ్వాలి.

మీరు ఇచ్చిన వాక్యంలో ‘వైద్యులకు’ అన్నది కూడా మార్చాలి. అంబులెన్స్ డ్రైవర్, స్ట్రెచర్ మోసేవాడు, నర్సు కూడా ఆ రక్షణలోనే ఉన్నారు కాబట్టి ‘వైద్య సిబ్బంది’ అనాలి. ఇక కొందరు ‘అంతర్‌యుద్ధం’ అని విడగొట్టి రాస్తున్నారు గానీ అంతః + యుద్ధం సంధిలో విసర్గ రేఫగా మారుతుంది, అంతర్యుద్ధమే సరి. ‘పౌర యుద్ధం’ మాత్రం వద్దు, అది ఇంగ్లీషుకి మక్కీకి మక్కీ.