నాన్నగారు వదిలి వెళ్లిన విమాన మైళ్లు ఎవరివి?

ప్రశ్న: మాది హిందూపురం, చాలా ఏళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. నాన్న చిప్ డిజైన్ కంపెనీలో పనిచేసేవారు, ఆఫీసు పని మీద డాలస్‌కీ సింగపూర్‌కీ తెగ తిరిగేవారు. మూడు నెలల క్రితం గుండెపోటుతో పోయారు. వీలునామా రాయలేదు. ఇంట్లో అమ్మ, నేను, తమ్ముడు. ఊళ్లో జేజి (నాన్న తల్లి) ఉన్నారు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఖాతాలో 2 లక్షల 40 వేల మైళ్లు (ప్రయాణాలకు ఎయిర్‌లైన్ ఇచ్చే పాయింట్లు, వాటితో టికెట్లు తీసుకోవచ్చు), సింగపూర్ ఎయిర్‌లైన్స్ వాళ్ల మైళ్ల పథకం క్రిస్‌ఫ్లయర్‌లో లక్షా 10 వేలు ఉన్నాయి. డాలస్‌లో ఉండే పెదనాన్న కొడుకేమో "చిన్నాన్న ఫోన్ పిన్ని దగ్గరే ఉంది కదా, ఓటీపీ వస్తుంది, ఎవరికీ చెప్పకుండా టికెట్లు బుక్ చేసేయండి" అంటున్నాడు. ఇక్కడ ఒకాయన సక్సెషన్ సర్టిఫికెట్ (కోర్టు ఇచ్చే వారసత్వ పత్రం) లేకపోతే ఏదీ రాదంటున్నారు. క్రిస్‌ఫ్లయర్‌లో అమ్మనీ నన్నూ నామినీలుగా పెట్టారు కాబట్టి అవైతే మావే అనుకుంటున్నాం. పోకముందే ఆ మైళ్లతో తనకీ అమ్మకీ సింగపూర్ టికెట్లు కూడా తీసి ఉంచారు. నాన్న క్రెడిట్ కార్డు మీద కూడా పాయింట్లు ఉన్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ అన్నయ్య సలహా గురించి, ఎందుకంటే మిగతావన్నీ నెమ్మదిగా చేసుకోవచ్చు గానీ ఆ పని ఒక్కసారి చేశాక వెనక్కి తీసుకోలేం. చేయకండి. చనిపోయిన మనిషి పాస్‌వర్డుతో, ఆయన నంబరుకొచ్చిన ఓటీపీతో లాగిన్ అయ్యి బుక్ చేయడమంటే ఆయనే చేస్తున్నట్టు నటించడం. ఐటీ చట్టం 2000లోని 66సీ, 66డీ సెక్షన్లు ఇలాంటి వాటి గురించే, ఒక్కోదానికి మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఇంట్లోవాళ్లు మైళ్లు వాడుకున్నారని ఏ పోలీసూ మారతహళ్లి దాకా రాడనుకోండి, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. నా భయం వేరే. డెత్ సర్టిఫికెట్ మీద ఒక తేదీ, బుకింగ్ మీద దాని తర్వాతి తేదీ. ఎయిర్‌లైన్ వాళ్లకు ఇది తెలిసిన రోజున టికెట్ రద్దు చేసి, ఖాతా మూసి, నిబంధనలు మీరారని రాస్తారు. చెకిన్ కౌంటర్ దగ్గర మీ అమ్మగారు సూట్‌కేసులతో నిలబడి ఉండగా ఆ సంగతి బయటపడితే ఆ టెన్షన్ ఎవరు పడతారు? మామూలుగా అడిగితే రావడానికి కాస్తో కూస్తో అవకాశం ఉన్న మైళ్లు కూడా అప్పుడు పోతాయి.

ఆ సిమ్ మాత్రం రీచార్జ్ చేస్తూ ఉండండి. వాడకం ఆగిపోతే కొన్నాళ్లకు ఆ నంబరు ఇంకెవరికో ఇచ్చేస్తారు, మీ నాన్నగారి బ్యాంకు మెసేజీలన్నీ వాళ్లకు పోతాయి. బ్యాంకు పనులన్నీ తెమిలే దాకా నంబరు మీ చేతిలోనే ఉండాలి, ఓటీపీలు వాడటానికి కాదు, వేరేవాళ్లు వాడకుండా.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఇంట్లో అందరూ మైళ్లను బ్యాంకు డిపాజిట్ లాగా, బంగారం లాగా చూస్తారు, నాన్న సంపాదించారు కాబట్టి మనవే అని. చట్టం అలా చూడదు. డిపాజిట్ అంటే బ్యాంకు మీకు బాకీ. మైళ్లు అలా కాదు, ఎయిర్‌లైన్‌కీ సభ్యుడికీ మధ్య ఒక ఒప్పందం, ఆ ఒప్పందం రాసింది పూర్తిగా ఎయిర్‌లైనే. ఖాతా తెరిచేటప్పుడు చదవకుండా టిక్ కొట్టే ఆ పేజీల్లోనే "ఇవి సభ్యుడి ఆస్తి కాదు" అని రాసి పెట్టుకుంటారు. వారసత్వ చట్టం ఆస్తిని పంచుతుంది, ఆస్తి కాదని ముందే రాసుకున్న దాన్ని పంచడం కష్టం. అమెరికాలో సభ్యత్వం తీసేశారని ఒక రబ్బీ (యూదు మతగురువు) నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ మీద వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2014లో కోర్టు ఎయిర్‌లైన్ వైపే తీర్పిచ్చింది. ఆయన బతికుండి, స్వయంగా పోరాడితేనే అది ఫలితం.

కాబట్టి హక్కుగా అడిగే పరిస్థితి కాదు, విన్నపంగా అడిగే పరిస్థితి. అయితే అన్ని ఎయిర్‌లైన్లూ ఒకేలా ఉండవు, మీ విషయంలో ఆ తేడానే ముఖ్యం.

అమెరికన్ ఎయిర్‌లైన్స్ నిబంధనల్లో సభ్యుడు చనిపోతే మైళ్లు బదిలీ కావని మొదట రాసి, వెంటనే ఒక కిటికీ తెరిచి ఉంచారు: కోర్టు ఆమోదించిన విడాకుల డిక్రీలోనో వీలునామాలోనో పేరు పెట్టి చెప్పిన వ్యక్తికి, తగిన పత్రాలు చూపించి, ఫీజు ఉంటే కడితే, తమ విచక్షణ మేరకు మైళ్లు జమ చేయవచ్చు అని. మీకు వీలునామా లేదు, అంటే అక్షరాలా చూస్తే మీరు ఆ కిటికీ బయట ఉన్నారు. అయినా రాయండి. "మా విచక్షణ" అని వాళ్లే రాసుకున్నారు కదా, ఆ విచక్షణ మీ వైపు వాడమని అడగడానికి ఖర్చేమీ లేదు. యునైటెడ్ అయితే ఇంకాస్త మెత్తగా రాసుకుంది, మరణం విషయంలో పత్రాలు చూసి ఇవ్వవచ్చు అని, వీలునామా అన్న షరతు లేకుండా. డెల్టా మాత్రం మరణంతో సహా ఏ కారణంగానూ బదిలీ లేదని కుండబద్దలు కొట్టినట్టు రాసింది. మీ నాన్నగారికి ఈ రెండింట్లో ఖాతాలేమైనా ఉన్నాయేమో ఒకసారి పాత మెయిళ్ల ప్రింట్లు, పర్సులోని కార్డులు చూడండి. బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎయిర్ ఇండియాలో వెళ్లిన చాలామంది ఆ మైళ్లు యునైటెడ్‌లో వేయించుకుంటారు, రెండూ స్టార్ అలయన్స్ అనే ఎయిర్‌లైన్ల కూటమిలోవే కాబట్టి. యునైటెడ్ మైళ్లకు గడువు కూడా లేదు.

అమెరికన్‌లో గడువుంది. 24 నెలలు ఖాతాలో ఏ కదలికా లేకపోతే మైళ్లు పోతాయి, కనుక మీ నాన్నగారి ఆఖరి ప్రయాణం ఎప్పుడో చూసుకుని లెక్కపెట్టుకోండి.

క్రిస్‌ఫ్లయర్ విషయంలో మీకు చేదు కబురే చెప్పాలి. సభ్యుడు చనిపోతే ఖాతా మూసేస్తారు, మిగిలిన మైళ్లు రద్దవుతాయి, నిబంధన అదీ. మరి మమ్మల్ని నామినీలుగా పెట్టారు కదా అంటారు. అది బ్యాంకు నామినీ కాదు. సభ్యుడు తన మైళ్లతో ఎవరెవరికి టికెట్ తీయవచ్చో ముందే చెప్పి పెట్టుకునే జాబితా అది, ఐదుగురి దాకా పెట్టుకోవచ్చు. ఆయన బతికుండగా మీకు టికెట్ తీయడానికి పనికొస్తుంది, ఆయన తర్వాత మైళ్లు మీ పేరు మీదికి రావడానికి పనికిరాదు. ఆ మాటకొస్తే నామినీ అయినంత మాత్రాన సొంతదారు కారని షేర్ల కేసులో మన సుప్రీంకోర్టు కూడా 2023 డిసెంబరులో చెప్పింది. నామినీ సొమ్ము అందుకుంటారు, పంపకం వారసత్వ చట్టం ప్రకారమే. ఈ సంగతి మైళ్లకంటే మీ నాన్నగారి మ్యూచువల్ ఫండ్లకు, షేర్లకు ఎక్కువ అవసరం, గుర్తు పెట్టుకోండి. క్రిస్‌ఫ్లయర్ మైళ్లు ఎలాగూ వచ్చిన మూడేళ్లకు వాటంతటవే పోతాయి. ఒక విన్నపం రాసి చూడండి, కాదంటే అక్కడితో వదిలేయండి.

సక్సెషన్ సర్టిఫికెట్ సంగతి. 1925 నాటి ఇండియన్ సక్సెషన్ యాక్ట్ 370వ సెక్షన్ కింద అది ఇచ్చేది పోయినవారికి రావలసిన బాకీలకూ, సెక్యూరిటీలకూ (షేర్లు, బాండ్ల లాంటివి). మైళ్లు ఈ రెండింట్లో ఏదీ కాదు. కేవలం మైళ్ల కోసం సివిల్ కోర్టుకెళ్లి, కోర్టు ఫీజు కట్టి, పేపరులో నోటీసు వేయించి, నెలల తరబడి తిరిగితే దక్కేదానికంటే పోయేదే ఎక్కువ. నాలాంటి లాయరుకు ఫీజు వస్తుంది, అంతే. బ్యాంకులోనో షేర్లలోనో నామినీ లేని సొమ్ము పెద్దగా ఉంటే అప్పుడు ఎలాగూ తీసుకోవాలి, తీసుకున్నాక దాని నకలు ఎయిర్‌లైన్‌కు కూడా పంపండి.

మీకు కావలసిన కాగితాలు ఇవి. డెత్ సర్టిఫికెట్ నకళ్లు కొన్ని ఎక్కువే తీసి పెట్టుకోండి. నాడకచేరిలో (కర్ణాటక రెవెన్యూ శాఖ స్థానిక కార్యాలయం) వంశవృక్షం, బతికున్న కుటుంబ సభ్యుల ధ్రువపత్రం రెండూ ఇస్తారు. అందులో జేజి పేరు కచ్చితంగా ఉండాలి, ఇది చాలామంది ఇళ్లల్లో వదిలేసే విషయం. హిందూ వారసత్వ చట్టం 1956 ప్రకారం కొడుకు వీలునామా లేకుండా పోతే తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే, భార్యా పిల్లలతో సమానంగా. మీ ఇంట్లో అమ్మ, మీరు, తమ్ముడు, జేజి, తలా నాలుగో వంతు. మైళ్ల దగ్గర జేజి ఏం అడుగుతారు, ఆమె విమానమెక్కేది లేదు అనుకుంటారేమో. రేపు నాన్నగారి పేరు మీద ఉన్న ఫ్లాటు మార్చుకునేటప్పుడు ఇదే పత్రం ముందుకొస్తుంది, అప్పుడు పేరు లేదంటే తంటా. మీ అమ్మగారి ఖాతాలోకి మైళ్లు వేయమని అడగండి, మిగతా ముగ్గురూ మాకు అభ్యంతరం లేదని నోటరీ చేసిన కాగితం ఒకటి ఇవ్వండి.

అమ్మగారికి అమెరికన్‌లో ఖాతా లేకపోతే ముందు ఆమె పేరు మీద ఉచితంగా ఒకటి తెరిచి, ఆ నంబరు ఉత్తరంలో రాయాలి. ఉత్తరం చిన్నదిగా ఉండనీయండి: ఫలానా నంబరు సభ్యుడు ఫలానా తేదీన మరణించారు, నేను ఆయన భార్యను, మిగతా వారసుల సమ్మతి జతచేశాను, మీ నిబంధనల్లోని విచక్షణాధికారం వాడి మైళ్లు నా ఖాతాకు జమ చేయమని కోరుతున్నాను, ఫీజు ఉంటే కడతాను. అంతకు మించి వద్దు. మా హక్కు, కోర్టు, నోటీసు అన్న మాటలు మొదటి ఉత్తరంలో రానివ్వకండి, ఎందుకంటే ఆ మాటలు చూడగానే మీ కాగితం కస్టమర్ కేర్ అమ్మాయి దగ్గర్నుంచి వాళ్ల లీగల్ వాళ్ల దగ్గరికి పోతుంది, లీగల్ వాళ్లు నిబంధన చదివి కాదంటారు. డెత్ సర్టిఫికెట్‌కు అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) చేయించమని ఏజెంట్లు చెబుతారు, ఎయిర్‌లైన్ అడిగితే అప్పుడు చేయించండి, ముందే డబ్బులు పోయకండి. మైళ్లు కొంటామని వచ్చే వాళ్లను దగ్గరికి రానివ్వొద్దు, అమ్మడం నిబంధనలకు విరుద్ధం, ఖాతానే పోతుంది.

ఒప్పుకోకపోతే కేసు వేయవచ్చా అని తర్వాత అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెబుతాను. దారి ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో ఏకపక్షమైన అన్యాయపు ఒప్పందాల మీద ఫిర్యాదు చేసే వీలు పెట్టారు, వినియోగదారుడు చనిపోతే వారసులు కూడా వేయవచ్చు, మీరు బెంగళూరులో ఉంటున్నారు కాబట్టి ఇక్కడే వేయవచ్చు. అయితే అన్యాయపు ఒప్పందం అన్న వాదన జిల్లా కమిషన్‌లో కాదు, రాష్ట్ర కమిషన్‌లో వేయాలి, రెండేళ్లలోపు. అవతలి లాయరు మైళ్లు ఉచితంగా ఇచ్చినవి, ఉచిత సేవ ఈ చట్టం కిందికే రాదు అంటాడు. టికెట్ ధరలోనే వాటి ఖరీదు కలిసి ఉందని మనం అంటాం. నా వరకు మన వాదనే న్యాయమనిపిస్తుంది. కానీ గెలుస్తామని చెప్పలేను, ఈ మైళ్ల కోసం మీ అమ్మగారిని ఆ తిరుగుడులో పెట్టమని అసలే చెప్పను. ముందు 1915కి, అంటే నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌కు, ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి, దానికి ఖర్చు లేదు.

ఆఫీసు డబ్బుతో తిరిగారు కదా, కంపెనీ వచ్చి మైళ్లు మావి అంటుందా? ప్రైవేటు కంపెనీలో అలా అనడం అరుదు, ఖాతా మనిషి పేరు మీదే ఉంటుంది. ఇది చదివే ఇస్రో, డీఆర్‌డీవో వాళ్లకు మాత్రం ఒక మాట: కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు అధికారిక ప్రయాణంలో సంపాదించిన మైళ్లు మళ్లీ అధికారిక ప్రయాణానికే వాడాలని ఆర్థిక శాఖ ఆదేశాలున్నాయి, వాటి మీద ఇంట్లోవాళ్లు ఆశ పెట్టుకోకూడదు.

క్రెడిట్ కార్డు పాయింట్లదీ ఇదే తంతు, కార్డుదారుడు పోతే పాయింట్లు ఏమవుతాయో బ్యాంకు నిబంధనల్లోనే ఉంటుంది. అమ్మగారి దగ్గర యాడ్-ఆన్ కార్డు (నాన్నగారి ఖాతా మీదే ఇచ్చిన అదనపు కార్డు) ఉంటే ఈ రోజే వాడటం ఆపేయమనండి. కార్డు మీద బాకీ ఉంటే అది నాన్నగారు వదిలిన ఆస్తిలోంచే, ఆ మేరకే వసూలు చేసుకోవాలి. మీ జీతంలోంచో తమ్ముడి జీతంలోంచో కట్టాల్సిన పని లేదు, రికవరీ ఏజెంటు ఫోన్లో ఎంత గట్టిగా అరిచినా సరే. ఏదైనా రాసి పంపమనండి.

ఇక తీసి ఉంచిన సింగపూర్ టికెట్లు. మీ ప్రశ్నలో నిజంగా దక్కే అవకాశం ఎక్కువున్నది ఇదే. మైళ్లు వేరు, జారీ అయిన టికెట్ వేరు. బతికుండగా ఆయన చేతులతో ఆయనే తీసిన టికెట్, మీ అమ్మగారి పేరు మీద ఉంది, ఆమె నామినీ జాబితాలోనూ ఉంది. అది ఆమె టికెట్టే అన్నది నా వాదన. చిక్కల్లా ఇద్దరూ ఒకే పీఎన్ఆర్‌లో ఉండటం. కాబట్టి మైళ్ల గురించి ఉత్తరం రాయడానికి ముందే సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కు డెత్ సర్టిఫికెట్ పంపి, అమ్మగారి బుకింగ్ విడదీసి వేరే పీఎన్ఆర్ ఇవ్వమని, నాన్నగారి టికెట్ రద్దు చేసి కట్టిన పన్నులు తిరిగివ్వమని అడగండి. ఆ జవాబు మెయిల్లో రావాలి, ఫోన్లో సరేనన్నారంటే సరిపోదు. జవాబు వచ్చాక మైళ్ల ఉత్తరం పంపండి, ఈ వరుస తప్పొద్దు.