బిర్యానీ ముందా, పిల్లులు ముందా?

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, వచ్చే ఆదివారం ఇంటిల్లిపాదీ హైదరాబాద్ వెళ్దామనుకుంటున్నాం. మా ఆడపడుచుకు ఐదో నెల. సీమంతానికి లాడ్ బజార్‌లో గాజులు కొనాలి, బిర్యానీ తినాలి. పిల్లలేమో (అమ్మాయికి తొమ్మిదేళ్లు, బాబుకు నాలుగు) గచ్చిబౌలి వైపున్న పెట్ కేఫ్‌కి వెళ్లాల్సిందేనని పట్టుబట్టారు. అక్కడ కుక్కలు, పిల్లులు ఉంటాయట. కడుపుతో ఉన్న మనిషి పిల్లుల దగ్గరికి వెళ్లొచ్చా? మా అత్తగారైతే "డబ్బులిచ్చి కుక్కల్ని చూడటమేంటే, మన వీధిలో లేవా?" అంటున్నారు. ఏది ముందు పెట్టుకోమంటారు?
– ఒక కోడలు, హనుమకొండ

జవాబు: పిల్లులే ముందమ్మా. ఆదివారం సాయంత్రానికి ఆ కేఫ్ జంతువులు ఎంతమంది చేతుల్లోనో నలిగి ఉంటాయి. పొద్దున తలుపులు తీసిన వేళకు వెళ్తే అవీ హుషారుగా ఉంటాయి, మీకూ రద్దీ ఉండదు. ఇంకో సంగతి. బిర్యానీ తిన్న చెయ్యి ఎంత కడిగినా మసాలా వాసన పోదు. ఆ వేళ్లను నాకుదామని వచ్చిన కుక్కకు వేలెక్కడ, ముక్క ఎక్కడ అన్న తేడా ఒక్కోసారి తెలియదు.

కాజీపేటలో పొద్దుటి రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగండి. మెట్రో బ్లూ లైన్ నేరుగా రాయదుర్గం చేరుస్తుంది, అక్కణ్నుంచి ఆటో. బయల్దేరే ముందే కేఫ్‌కి ఫోన్ చేసి నాలుగేళ్ల పిల్లల్ని రానిస్తారా అని అడగండి. కొన్ని చోట్ల రానివ్వరు. అక్కడిదాకా వెళ్లాక ఆ మాట వింటే మీ బాబు ఏడుపు ఆపడం నా వల్ల కూడా కాదు.

మీ ఆడపడుచు గురించి. పిల్లి నుంచి వచ్చే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి కడుపులో బిడ్డకు ప్రమాదమే. అయితే అది పిల్లి బొచ్చులో ఉండదు, మలంలో ఉంటుంది. బయటపడ్డాక అంటుకునే దశకు రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. కాబట్టి ఆమె పిల్లిని నిమరొచ్చు, అవి దొడ్డికెళ్లే ఇసుక ట్రే జోలికి మాత్రం వెళ్లకూడదు. బయటికి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. నిజానికి సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూరలతోనూ ఇదే వస్తుంది. మనవాళ్లు పిల్లిని తిట్టినంతగా సగం కాలిన కబాబ్‌ను తిట్టరు! ఇక పెద్ద కుక్కలు ఆప్యాయంగానే మీద పడతాయి, ఆమెను గోడ పక్కన కూర్చోబెట్టండి. వెళ్లే ముందు ఆమెను చూసే డాక్టర్‌కూ ఒక మాట చెప్పండి.

లోపలికి వెళ్లగానే పిల్లలకంటే ముందు మీరు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. జనం నుంచి తప్పించుకుని పడుకోవడానికి జంతువులకు వేరే గది గానీ, ఎత్తయిన అరలు గానీ ఉన్నాయా? తాగే నీళ్లు శుభ్రంగా ఉన్నాయా? టీకాల కార్డులు అడిగితే చూపిస్తారా? నిద్రపోతున్న పిల్లిని సెల్ఫీ కోసం లేపి చేతికిచ్చే చోటైతే, టికెట్ డబ్బులు పోయినా సరే వచ్చేయండి.

పిల్లలకు ఇంటి దగ్గరే నేర్పండి. చెయ్యి చాపి ఆగాలి, కుక్క వచ్చి వాసన చూశాక గదవ కింద నిమరాలి. నెత్తి మీద తట్టకూడదు, కావలించుకోకూడదు. కుక్క మొహం తిప్పుకున్నా, నిద్ర రాకుండానే ఆవలించినా, పదేపదే మూతి నాక్కున్నా "నన్నొదిలెయ్" అన్నట్టే. పిల్లి తోక టపటపా కొడుతుంటే కూడా అంతే. మీ బాబు మొహం సరిగ్గా కుక్క నోటి ఎత్తులో ఉంటుంది కాబట్టి వాడి చెయ్యి మాత్రం వదలకండి.

గోరు గీరుకున్నా, పన్ను దిగినా పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కాఫీపొడి ఏవీ పెట్టొద్దు. టీకాలేసిన కుక్కేలే అని ఊరుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక పశువుల డాక్టర్లమైన మా దగ్గరా, మనుషుల డాక్టర్ల దగ్గరా మందు లేదు.

అత్తగారికి ఈ సంగతి చెప్పండి. ఈ కేఫ్‌లు 1998లో తైవాన్‌లోని తైపేలో పిల్లులతో మొదలయ్యాయి. తర్వాత జపాన్‌లో బాగా పెరిగాయి, ఎందుకంటే అక్కడ చాలా అపార్ట్‌మెంట్లలో కుక్కనో పిల్లినో పెంచుకోనివ్వరు. మన వీధి కుక్కలకు బిస్కెట్లు వేసే అత్తగారికి ఇది వింతగానే ఉంటుంది. ఆవిడది న్యాయమైన ప్రశ్నే, వాదన పెట్టుకోకండి. ఒక ముసలి కుక్క పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టి చూడండి.

మధ్యాహ్నానికి అమీర్‌పేటలో రెడ్ లైన్‌కు మారి ఎంజీబీఎస్‌లో దిగండి. చార్మినార్‌కు ఆటోలో కొద్ది దూరమే. మదీనా సర్కిల్ దగ్గర బిర్యానీ తిని, ఎండ తగ్గాక లాడ్ బజార్‌లోకి వెళ్లండి, దీపాల వెలుగులో రాళ్ల గాజులు చూసే అందమే వేరు. లక్క గాజులను అక్కడే వేడి చేసి కొలతకు సరిచేసి ఇస్తారు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. లక్క కూడా పురుగు ఇచ్చేదేనని మీ అమ్మాయికి చెప్పండి. నెలలు నిండే కొద్దీ చేతులు వాస్తాయి కాబట్టి సీమంతం గాజులు ఒక సైజు పెద్దవే తీసుకోండి. మొదట చెప్పిన ధర విని కంగారు పడొద్దు, బేరం అత్తగారికి అప్పగించండి.

ప్రశ్న: పెట్ కేఫ్‌లో ఇగువానా అనే పెద్ద బల్లిని చూసి మా అబ్బాయి అదే కావాలంటున్నాడు. మామయ్య గారు రామచిలుకను కొనిస్తామంటున్నారు. ఏది మంచిది?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: రెండూ వద్దు. మన రామచిలుకను పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, మామయ్య గారికి నెమ్మదిగా చెప్పండి. ఇగువానా విదేశీ జీవి. 2022లో సవరించిన చట్టం, 2024 నిబంధనల ప్రకారం దాన్ని కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. అరచేతిలో ఇమిడే పిల్ల, తోకతో కలిపి ఐదడుగులకు పైగా పెరగొచ్చు. ఇంట్లో ఐదేళ్ల లోపు పిల్లలుంటే దాని నుంచి సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా సోకే భయం కూడా ఉంది. అంతగా అడిగితే వీధి కుక్కపిల్లను తెచ్చుకోండి. తెచ్చిన రోజే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లి, నట్టల మందు ఎప్పుడు, టీకాలు ఎప్పుడు అని కార్డు మీద రాయించుకోండి.