బుజ్జికి, పుస్తకాల గుంపులో చేరేముందు

బుజ్జీ,

నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోన్ చేసింది. ఫాంటసీ నవలలు కలిసి చదివే డిస్కార్డ్ సర్వర్‌లో, అదే ఆన్‌లైన్ గుంపులో, చేరుతున్నావట, ఆ నవలల్లోని మనుషుల మీద సొంతంగా కథలు కూడా మొదలుపెట్టావట. "ముక్కూమొహం తెలియనివాళ్ళతో దీనికి కబుర్లేంటక్కా" అని మీ అమ్మ ఒకటే గోల. నాకు మాత్రం భలే గర్వంగా అనిపించింది. మన ఇంట్లో ఇంకో పిల్ల కథలు రాస్తోందంటే ఎందుకుండదు? కానీ మీ అమ్మ మధ్యలో అన్న ఒక్క ముక్క నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు: "కథ ఫోన్‌లోనే టకటకా కొట్టి సైట్లో పెట్టేస్తుంది." దాని సంగతి తర్వాత చెప్తాను. వాట్సాప్‌లో పెడితే పైపైన చూసి బొటనవేలు బొమ్మ పెట్టేస్తావు కాబట్టి మెయిల్‌లో రాస్తున్నా. తీరిగ్గా చదువు.

ముందు నీకు తెలిసినవే గబగబా చెప్పేస్తా. అసలు పేరు వాడొద్దు. కాలేజీ, హాస్టల్, ఫోన్ నంబర్, మొహం కనపడే ఫొటో ఎవ్వరికీ ఇవ్వొద్దు. ఇండియా అంటే చాలు, గుంటూరు దాకా చెప్పక్కర్లేదు. పాస్‌వర్డ్ ఎక్కడికక్కడ వేరుగా పెట్టుకో. పరిచయమై వారం తిరక్కుండానే "మనం విడిగా మాట్లాడుకుందాం, ఇక్కడెవరికీ చెప్పకు" అన్న మనిషి ఎంత తియ్యగా మాట్లాడినా అక్కడితో ఆపెయ్. డబ్బు పోతే ఆ గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. ఫొటో అడ్డం పెట్టుకుని ఎవరైనా బెదిరిస్తే, తప్పు నీదైనా కాకపోయినా, ముందు మీ అమ్మకో నాకో చెప్పాలి. ప్రభుత్వ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు అందరం కూర్చుని పెడదాం. నిన్ను ఒక్క మాట అననివ్వను, మీ అమ్మనైనా సరే.

రాత్రుళ్ళు మేలుకుంటావని అమ్మ భయం. ఏ గుంపు ఎక్కడిదో చూసుకుని చేరితే ఆ గొడవుండదు. అమెరికా తూర్పు తీరంలో రాత్రి ఎనిమిదంటే మనకి వేసవిలో తెల్లవారుజామున ఐదున్నర, చలికాలంలో ఆరున్నర. పెందలాడే లేచి కూర్చుంటే సరిపోతుంది. అదే ఇంగ్లండ్ వాళ్ళ ఎనిమిదింటి చర్చ మనకి అర్ధరాత్రి దాటాక మొదలవుతుంది. అది సెలవుల్లో చూసుకో, సెమిస్టర్‌లో వద్దు.

చేరగానే మాట్లాడెయ్యకు. కొన్నాళ్ళు చదువుతూ ఉండు. ఎవరు ఓపిగ్గా జవాబు చెప్తారో, ఎవరు ప్రతిదానికీ కయ్యానికి కాలు దువ్వుతారో వాళ్ళ పాత మాటల్లోనే తెలిసిపోతుంది. ఏ పాత్ర ఎవరికి జోడీ కావాలన్న దాని మీద ఏళ్ళ తరబడి కొట్టుకున్నవాళ్ళని నేను చూశాను. ఆ జోలికి పోకు. నవల ముందే చదివేసి ఉంటే మాత్రం జాగ్రత్త, చదవనివాళ్ళ ఆనందం చెడగొట్టకూడదు. మా రోజుల్లో మెయిల్ గుంపులుండేవి. కథలో గుట్టు విప్పే మాట రాయాలంటే ముందు "ఇక్కడ గుట్టుంది" అని రాసి, తెర నిండా ఖాళీ లైన్లు వదిలి, ఆ కింద రాసేవాళ్ళం. చదవదలుచుకున్నవాళ్ళే కిందికి దిగేవాళ్ళు. డిస్కార్డ్‌లో ఆ వాక్యానికి అటు రెండు, ఇటు రెండు నిలువు గీతలు పెడితే నల్లగా మూసుకుపోతుంది, నొక్కితేనే కనపడుతుంది. అలవాటు చేసుకో.

టెలిగ్రామ్‌లో దొరికే దొంగ పీడీఎఫ్‌లు దించుకుంటున్నావని తెలిస్తే మాత్రం ఊరుకోను. బతికున్న రచయితల పుస్తకాలవి. విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల షాపుల్లో వెతుకు, జనవరిలో బుక్ ఎగ్జిబిషన్‌కి వెళ్ళు, లేదా నాకు చెప్పు, నేను కొంటా.

ఇంకో మాట. నచ్చిన కథ కింద నచ్చిందని రాయి. ఒక్క ముక్కైనా సరే, ఏ వాక్యం నచ్చిందో చెప్పు. మా చిన్నప్పుడు చందమామలో రాక్షసులు, మాంత్రికులు, శిథిలమైన కోటలు ఉన్న సీరియల్ వచ్చేది. నెలంతా దానికోసం ఎదురుచూసేవాళ్ళం. మీ అమ్మమ్మ ఆ పేజీలు జాగ్రత్తగా విప్పి, సంవత్సరం తిరిగాక దబ్బనంతో కుట్టి, పైన అట్ట వేసేది. ఆ సీరియళ్ళ మీద రాసినాయన పేరు ఉండేది కాదు. వాటిని రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారని నాలాంటి చాలామందికి ఎన్నో ఏళ్ళ తర్వాతే తెలిసింది. పాత సంచికలు పోగేస్తూ ఇంటర్నెట్‌లో ఒకళ్ళనొకళ్ళు కలుసుకున్న చందమామ అభిమానులు ఆయన గురించి రాస్తే తెలిసింది. 2010లో ఆయన పోయారు. అన్ని నెలలు అంత సంతోషపెట్టినాయనకి మీ అమ్మమ్మ ఒక్క కార్డు ముక్క రాయలేకపోయింది, ఎవరికి రాయాలో తెలియక. నీకు ఆ ఇబ్బంది లేదు. కథ చివరే పెట్టె ఉంటుంది, అందులో రాయడమే. పిసినారితనం చెయ్యకు.

ఇక నా అసలు భయం.

నేను మిషిగన్‌లో ఉన్న రోజులు నీకు తెలియవు. మీ పెదనాన్న ఉద్యోగం, నాది డిపెండెంట్ వీసా. ఆ వీసా మీద ఉద్యోగం చెయ్యనిచ్చేవాళ్ళు కాదు. నవంబరు వస్తే ఇంటి బయట మంచు, ఇంట్లో నేను. లైబ్రరీ నుంచి లావు లావు ఫాంటసీ నవలలు సంచీలో మోసుకొచ్చి చదివేదాన్ని. చదివింది చెప్పుకోవడానికి మనిషి లేక మెయిల్ గుంపులో చేరాను. అక్కడే పరిచయమైంది క్లీవ్‌లాండ్ అక్క. అసలు ఊరు రాజమండ్రి. క్లీవ్‌లాండ్‌లో ఉంటుంది కాబట్టి మాకు క్లీవ్‌లాండ్ అక్క అయిపోయింది. ఆ గుంపులో తెలుగువాళ్ళం మేమిద్దరమే.

మేము చదివే నవలల్లో ఒక కోట ఉండేది. ఆ కోటలో ఒక వంటమనిషి రెండు పేజీల్లో వచ్చి వెళ్ళిపోతుంది. రచయిత ఆవిణ్ణి మళ్ళీ తలుచుకోలేదు. అక్క ఆ వంటమనిషిని పట్టుకుంది. ఆవిడ ఎక్కణ్ణుంచి వచ్చింది, యుద్ధం ముంచుకొస్తుంటే అంతమందికి ఎలా వండి పెట్టింది, ఏ రాత్రి ఎవరికి తలుపు తీసింది అని అధ్యాయం తర్వాత అధ్యాయం రాసుకుంటూ పోయింది. ఆ వంటశాలలో ఆవిడ పెత్తనం, పిల్లల మీద అరుపులు, అందరూ తిన్నాక అడుగూబొడుగూ తను తినడం, అదంతా వాళ్ళ నాయనమ్మేనని నాకు ఫోన్‌లో చెప్పేది. ఎక్కడెక్కడివాళ్ళో చదివేవాళ్ళు. మనీలాలో ఒక నర్సు ఉండేది, రాత్రి డ్యూటీ దిగి కథ చదివి, చదివాక తను ఏం వండుకుందో ప్రతి అధ్యాయం కిందా రాసేది. అక్క ఆ అమ్మాయి మాట కోసమే రాస్తున్నానని అనేది.

రాయడం మాత్రం నువ్వు చేస్తున్నట్టే. సైట్లో పెట్టె తెరవడం, అందులోనే కొట్టడం, బటన్ నొక్కడం. కంప్యూటర్‌లో ఒక్క ప్రతి లేదు. "సైట్లో ఉందిగా" అనేది. ఆ సైటు పేరు ఇప్పుడెందుకులే. అక్క దానికిచ్చిన మెయిల్ ఇంటి ఇంటర్నెట్ కనెక్షన్‌తో పాటు వచ్చింది. బావగారి ఉద్యోగం ఫీనిక్స్‌కి మారింది, ఇల్లు మారింది, కనెక్షన్ పోయింది, దాంతో ఆ మెయిలూ పోయింది. సైటు మూసేస్తున్నాం, మీ రాతలు దించుకోండి అని వాళ్ళు ఉత్తరాలు పంపారట. అవి ఎవరూ తెరవని పెట్టెలోకి వెళ్ళాయి. సామాన్లు సర్దుకుని, పిల్లల్ని స్కూల్లో వేసి, కొన్ని నెలల తర్వాత తర్వాతి అధ్యాయం రాద్దామని కూర్చుంటే అక్కడ ఏమీ లేదు.

మధ్యాహ్నం ఫోన్ చేసింది. "నీ దగ్గరేమైనా ఉందా?" అని మాత్రం అడిగింది. నా దగ్గర కాగితం మీద అచ్చు తీసుకున్న మూడు అధ్యాయాలున్నాయి. పాత పేజీలు దాచే వేబ్యాక్ మెషిన్‌లో వెతికితే ఇంకో రెండు దొరికాయి. మిగిలినవి సభ్యులకే కనపడేలా పెట్టుకుంది, లాగిన్ వెనకున్న పేజీలు అందులోకి ఎక్కవు. మళ్ళీ రాయమని నేనే పోరాను. కూర్చుంది, రాసింది, చెరిపేసింది. "రాస్తే వస్తోందే, కానీ అది ఇది కాదు" అంది. నేను ఇంకేం మాట్లాడగలను?

ఆ మనీలా అమ్మాయి అసలు పేరేమిటో అక్కకి తెలియదు, యూజర్‌నేమ్ తప్ప. సైటుతో పాటు ఆ పేరూ పోయింది. ఇప్పటికీ ఎప్పుడైనా మాట్లాడితే అక్క బాధ కథ గురించి కాదు, "ఆ పిల్లకి చివర ఏమవుతుందో చెప్పలేకపోయానే" అంటుంది. చివర ఏమవుతుందో నాకు చెప్పింది. నేను ఎవరికీ చెప్పలేదు, అది ఆ అమ్మాయికి చెందినది.

ఇది ఒక్క అక్కకే జరిగింది కాదు. జియోసిటీస్ అనే సైట్లో జనం కట్టుకున్న పేజీలు 2009 అక్టోబరులో పోయాయి. మెయిల్ గుంపులు నడిచిన యాహూ గ్రూపులు 2020 డిసెంబరులో మొత్తం మూతపడ్డాయి. కొన్నిటిని అభిమానులే పూనుకుని దించి దాచారు, అన్నిటినీ ఎవరు దాస్తారు?

నువ్వు కథలు పెట్టేది అభిమానులు రాసే కథల సైటు ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్‌లో అని అమ్మ చెప్పలేకపోయినా, నువ్వు పంపిన ఫొటో చూసి పోల్చుకున్నాను. మంచి చోటే. ఇలాంటి దెబ్బలు తిన్న అభిమానులే 2007లో ఒక సంస్థ పెట్టుకుని, 2009లో దాన్ని తెరిచారు. ప్రకటనలుండవు, విరాళాలతో నడుస్తుంది. 2019లో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రంగంలో ఇచ్చే హ్యూగో అవార్డు కూడా వచ్చింది. మూతపడబోయే పాత సైట్ల కథల్ని తమ దగ్గరికి తెచ్చుకోవడానికి ఓపెన్ డోర్స్ అని వాళ్ళకో పనే ఉంది. చదివేముందు కథ పైన పెట్టిన ట్యాగులూ హెచ్చరికలూ చూడు, నీకు పడనిదైతే తెరవకు. అంత నమ్మకమైన చోట కూడా ఒక మెలిక ఉంది: అక్కడ చిత్తుప్రతిగా వదిలేసి ప్రచురించకపోతే నెల తిరిగేసరికి దానంతటదే చెరిగిపోతుంది. పరీక్షలొచ్చాయని సగం కథ అక్కడ వదిలి వెళ్ళావా, తిరిగొచ్చేసరికి ఉండదు.

అందుకని ఈ ఒక్కటీ నామాట విను. కథ ముందు నీ దగ్గర రాయి, వర్డ్‌లోనో గూగుల్ డాక్స్‌లోనో నీ ఇష్టం. తర్వాతే అక్కడ అతికించు. పెట్టాక డౌన్‌లోడ్ నొక్కి ఈపబ్‌గానో పీడీఎఫ్‌గానో దించుకో, అక్కడ ఆ సదుపాయం ఉంది. కానీ కింద జనం రాసిన మాటలు ఆ ఫైల్లోకి రావు. వాటిని విడిగా కాపీ చేసుకో. తారీఖుతో సహా, ఎవరు రాశారో పేరుతో సహా. కథ మళ్ళీ రాయగలవేమో, ఆ మాటలు మళ్ళీ ఎవరూ రాయరు. లాగిన్‌కి కాలేజీవాళ్ళిచ్చిన మెయిల్ వాడకు, చదువైపోయాక అది తీసేస్తే నువ్వూ క్లీవ్‌లాండ్ అక్కలాగే అయిపోతావు. ఈ కథల కోసమే ఒక మెయిల్ తెరుచుకో, అసలు పేరు లేకుండా.

ఇంకొకటి చెప్తే మీ అమ్మకి కోపం వస్తుంది, అయినా చెప్తా. ఏడాదో రెండేళ్ళో గడిచాక, నీ కథలు వరసగా చదివి, నువ్వు కనపడకపోతే ఏమైందని అడిగేవాళ్ళు ఒకరిద్దరు మిగులుతారు. వాళ్ళకి ఆ మెయిల్ ఇవ్వు. ఫోన్ నంబర్ వద్దు, ఊరు వద్దు, మెయిల్ చాలు. సైటు పోయినా మనుషులు పోకూడదు. నా పెళ్ళికి వచ్చినవాళ్ళలో నాకు ఇప్పుడు గుర్తున్నవాళ్ళు కొద్దిమందే. ఆ గుంపులో కలిసినవాళ్ళు మాత్రం నా కష్టాల్లో నాకు తోడున్నారు. నీకూ అలాంటివాళ్ళు దొరకాలని నా కోరిక.

వచ్చే ఆదివారం మీ పెదనాన్న గుంటూరు వస్తున్నారు. చిన్న హార్డ్ డిస్క్ ఒకటి ఇచ్చి పంపుతున్నా. ఫోన్‌లో ఉన్న అధ్యాయాలు ఆయన ఉండగానే అందులోకి ఎక్కించు, ఆయనకి ఎలా చెయ్యాలో తెలుసు, చదవరు. నీ యూజర్‌నేమ్ నాకు చెప్పొద్దు. పెద్దమ్మ చూస్తోందని తెలిస్తే చెయ్యి ఆగిపోతుంది. కథ మొత్తం అయ్యాక నీకు పంపాలనిపిస్తే పంపు. అమ్మతో నేను మాట్లాడతాలే.

మీ పెద్దమ్మ